ప్రాసెసర్ మార్చేయమంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

మళ్లీ వచ్చింది. "గేమింగ్ పీసీ ఉన్నవాళ్లు తప్పక చదవండి" అని మొదలయ్యే ఆ మెసేజ్ మా విజయనగరం గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పంపేవాళ్లు నా స్నేహితులే, మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు. కానీ దాన్ని నమ్మి డబ్బు పెట్టేది డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలు. ఆ డబ్బు వాళ్లు ఇంట్లో బతిమాలి తెచ్చుకున్నది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ చెప్పేవి ఐదు. నాలుగేళ్లు దాటితే ప్రాసెసర్ (పీసీలో లెక్కలన్నీ చేసే చిప్) పని అయిపోయినట్టే. బాటిల్‌నెక్, అంటే ఒక భాగం నెమ్మదిగా ఉండి మిగతావాటిని వెనక్కి లాగడం, పది శాతం దాటితే మార్చాలి. కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) పెరిగితే ఎఫ్‌పీఎస్ (ఆటలో సెకనుకి కనిపించే ఫ్రేములు) పెరుగుతుంది. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే అయితే పాత మదర్‌బోర్డులో ఏ ప్రాసెసరైనా నడుస్తుంది. విండోస్ 10 ఆగిపోయింది కాబట్టి పాత ప్రాసెసర్లు ఇక దండగ.

నాలుగేళ్ల లెక్కకి ఆధారమే లేదు. ప్రాసెసర్ నెమ్మదించేది వయసు వల్ల కాదు, వేడి వల్ల. వేడి లాగే హీట్‌సింక్ నిండా దుమ్ము, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం, వాటికి తోడు మన మే నెల ఉక్క. ముందు బ్లోయర్ కొట్టించి, పేస్ట్ మార్చి చూడండి.

కోర్ల మాట కూడా అంతే. ఏఎండీ కంపెనీ 2017 నాటి రైజెన్ 7 1700కి ఎనిమిది కోర్లు, 2022లో వచ్చిన రైజెన్ 5 5600కి ఆరే. ఆటల్లో ఆరు కోర్లదే పైచేయి.

బాటిల్‌నెక్ శాతం చెప్పే సైట్లు మీ ప్రాసెసర్ పేరు, కార్డు పేరు తీసుకుని ఒక అంకె ఇస్తాయి. మీ ఆట మీ మెషీన్‌లో ఎలా నడుస్తోందో వాటికేం తెలుసు? ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆట సెట్టింగుల్లో వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని స్క్రీన్ వేగానికి కట్టేసేది), ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేసి, రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే వెనకబడింది గ్రాఫిక్స్ కార్డు. ఉన్నచోటే ఉంటే ప్రాసెసర్. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోందని ధీమా పడొద్దు. ఆట ఒకటి రెండు కోర్ల మీదే బరువంతా వేస్తే, అవి నిండిపోయినా మొత్తం లెక్కలో తక్కువే కనిపిస్తుంది. ఎమ్యులేటర్‌లో, అంటే ఫోన్ ఆటల్ని పీసీలో నడిపే ప్రోగ్రాంలో, ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లయితే బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఎమ్యులేటర్‌కి కావాల్సిన వర్చువలైజేషన్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది సాకెట్ మాట. ఇది పిల్లల డబ్బు నేరుగా ముంచుతోంది. ఇంటెల్ ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లది ఎల్‌జీఏ 1151 సాకెట్. ఎనిమిది, తొమ్మిది తరాలదీ అదే పేరు. కూర్చోబెడితే కూర్చుంటుంది, లివర్ కూడా పడుతుంది. కానీ లోపల పిన్నుల పని మార్చేశారు. ఆ కొత్తవాటికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) ఉన్న బోర్డు కావాలి. పాత 200 సిరీస్ బీ250 బోర్డులో ఎనిమిదో తరం ఐ5 8400 పెడితే ఫ్యాన్ తిరుగుతుందేమో గానీ స్క్రీన్ మీద ఏమీ రాదు. కంపెనీ ఇచ్చే ఏ బయోస్ అప్‌డేటూ దాన్ని సరిచేయదు. మా వీధిలో ఒకబ్బాయి ఇలాగే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చి, "అన్నా, ఫిట్ అయింది గానీ డిస్‌ప్లే రావట్లేదు" అని నా దగ్గరికొచ్చాడు. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆ మెసేజ్ రాసిన పెద్దమనిషి ఆ డబ్బు తిరిగిస్తాడా? ఫార్వర్డ్ చేసినవాళ్లు ఇస్తారా?

ఏఎండీ ఏఎం4 సాకెట్ సంగతి వేరు. 2017 నాటి బీ350 బోర్డులో కూడా చాలావాటికి రైజెన్ 5 5600 పడుతుంది. అదీ బయోస్ అప్‌డేట్ చేశాకే, పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే ఆ పని ముగించాలి. ముందే పీకేసి కొత్తది పెడితే స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. గాలివానల రోజుల్లో మనవైపు కరెంటు సంగతి తెలిసిందే కదా, యూపీఎస్ లేకుండా చెయ్యొద్దు. ఏ కంపెనీ బోర్డైనా సరే, పైసా కట్టే ముందు దాని పేరు చూసి, తయారుచేసినవాళ్ల సైట్‌లో సపోర్ట్ లిస్ట్ తెరవండి. అందులో ప్రాసెసర్ పేరు, పక్కన ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా ఉంటుంది. విశాఖ బస్సెక్కే ముందు చెయ్యాల్సిన పని ఇది.

విండోస్ మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతమాత్రాన పీసీ ఆగిపోదు. నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 సిరీస్ దగ్గర్నుంచి మొదలవుతుంది. ఆ జాబితాలోని ప్రాసెసర్ ఉన్నవాళ్లలో చాలామందికి "మీ పీసీ పనికిరాదు" అని వచ్చేది బయోస్‌లో టీపీఎం (విండోస్ 11 అడిగే ఒక సెక్యూరిటీ ఫీచర్) ఆఫ్‌లో ఉండటం వల్లే. ఆన్ చేస్తే సరిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. ఏడో తరం, అంతకు ముందువాళ్లకి మాత్రం ఆ దారి లేదు. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (పీసీ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) రెండూ కావాలి కూడా.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఏడో తరం ఐ5 7400 లాంటి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ప్రాసెసర్ వాడుతున్నవాళ్ల విషయంలో ఆ మెసేజ్ చెప్పింది నిజమే. కొత్త ఆటల్లో సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపించినా మధ్యమధ్యలో పట్టేస్తుంది, కార్డు మార్చినా అది పోదు. వాళ్లు మార్చుకోవాల్సిందే. అదే బోర్డులో సాగదీయాలంటే సెకండ్ హ్యాండ్ ఐ7 7700 వెతకొచ్చు, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. విండోస్ 11 కూడా కావాలంటే బోర్డుతో సహా మారాలి. అప్పుడు ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 వైపు వెళ్తే డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్పదు, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇంటెల్ పన్నెండో తరానికి డీడీఆర్4 బోర్డులు ఉన్నాయి. మీ దగ్గరున్నది డీడీఆర్4 అయితే అలాంటి బోర్డు వెతకండి, కనీసం ర్యామ్ డబ్బులు మిగులుతాయి.