తిన్న రెండేళ్ళకి త్రేన్చిన మహానుభావుడికి

మహారాజశ్రీ కృష్ణబిలం (బ్లాక్ హోల్) గారి దివ్యసముఖమునకు,

రిటైరైన ఫిజిక్స్ మాస్టారు వినయంగా వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలెట్టాలి గానీ, ఇక్కడ కుశలం లేదు. నిన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పధ్నాలుగు మంది పిల్లల ఎదుట, తమరి మూలంగా నా పరువు పోయింది.

నేను కాదని తమరు తప్పించుకోవచ్చు, గెలాక్సీకొకరు చొప్పున ఉన్న వంశం కదా తమరిది. అందుకని అడ్రసు వివరంగానే రాస్తున్నాను. భూమికి సుమారు 66 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చెప్పుకోదగ్గ పేరు లేని గెలాక్సీ, దాని నట్టనడుమ. బరువు దరిదాపు 50 లక్షల సూర్యుళ్ళు. 2018 అక్టోబరులో తమరు నక్షత్రాన్ని తిన్న వెలుగు మా దాకా వచ్చింది, ఆ భోజనానికి ఇక్కడివాళ్ళు రాసిన రశీదు నంబరు ఏటీ2018హెచ్‌వైజెడ్. మా కింద ఫ్లాటాయన స్కూటర్ నంబరు నయం, ఒకసారి వింటే గుర్తుంటుంది.

ఇక నిన్నటి సంగతి. పిల్లలకి సెలవులు, నాకు తీరిక, సెక్రటరీ గారికి సరదా. ‘కృష్ణబిలం కథ’ అని నోటీసు బోర్డు మీద రాశారు. నేను ఊరికే చెప్పి వదల్లేదండీ. మా ఆవిడ జంతికలకని కలిపిన పిండి, గొట్టం, రెండూ పట్టుకుపోయాను. పిండి ముద్ద చూపించి నక్షత్రం అన్నాను. బిలానికి దగ్గరగా ఉన్న వైపు గట్టిగా లాగుతుంది, దూరంగా ఉన్న వైపు కాస్త తక్కువగా లాగుతుంది, ఆ తేడాయే ప్రాణాంతకం అన్నాను. విశాఖ బీచ్‌లో సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తేది కూడా చంద్రుడి లాగుడులో ఉన్న ఇలాంటి తేడా వల్లేనని చెప్పాను. చంద్రుడు చిన్నవాడు గనక నీళ్ళు లేచి ఊరుకుంటాయి. అదే 10 లక్షల సూర్యుళ్ళ బరువున్న బిలానికి మన సూర్యుడు 7 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళాడనుకోండి, మనకీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరంలో సగం కూడా కాదది, అక్కడే విడిపోతాడు. ముట్టుకోనక్కర్లేదు. వాకిట్లో ఉండగానే వడ్డన అయిపోతుంది.

అని చెబుతూ పిడి నొక్కాను. పక్కల నుంచి నొక్కుడు, పొడుగునా సాగుడు. పిండి పోగులు పోగులుగా పేపరు మీద పడింది. ఇంగ్లీషువాళ్ళు దీనికి స్పాగెటీ పేరు పెట్టారు, మనకి జంతిక ఉండగా స్పాగెటీ ఎందుకు? పిల్లలు చప్పట్లు కొట్టారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో క్లాసులో నాకు చప్పట్లు ఎరగను.

అక్కడితో ఆపి ఇంటికొస్తే పోయేది. ఆపలేదు. గుప్పిట మూసి చూపించి, క్లాసులో ఏటా చెప్పే మాటే మళ్ళీ చెప్పాను: “లోపలికి పోవడమే గానీ బయటికి రావడం ఉండదర్రా. వెలుగు కూడా రాదు. తిన్నదాని ఊసే ఉండదు.”

వెనక వరసలో రెండు జడల అమ్మాయి, తొమ్మిదో తరగతి, చెయ్యెత్తింది.

“మరి తిన్న రెండేళ్ళకి త్రేన్చింది కదా మాస్టారూ?”

నేను నవ్వాను. “వాట్సాప్‌లో చూశావా తల్లీ? బిలాలకి త్రేన్పులుండవు. ఫిజిక్సు ఒప్పుకోదు” అన్నాను. పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు, చెయ్యి దించేసి కూర్చుంది.

రాత్రి భోజనం చేశాక ఎందుకో అనుమానమొచ్చి వెతికాను. నిజమే. వాట్సాప్ వార్త కాదు, 2022లో అచ్చయిన పరిశోధన పత్రం. ఇవెట్ సెండెస్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆవిడా, తోటివాళ్ళూ పాత భోజనాల ఆకులన్నీ మరోసారి తిరగేస్తుంటే తమరు పట్టుబడ్డారు. 2018లో తమరు సూర్యుడిలో పదోవంతు బరువున్న బక్క నక్షత్రాన్ని చీల్చినప్పుడు కాస్త వెలుగొచ్చింది, తగ్గింది. రేడియో టెలిస్కోపులతో వెతికారు, చప్పుడు లేదు. సరే, మామూలు భోజనమేనని మూట కట్టేశారు. 2021 జూన్‌లో న్యూ మెక్సికోలోని పెద్ద రేడియో టెలిస్కోపుల బారుతో ఎందుకైనా మంచిదని మళ్ళీ చూస్తే, తమరు రేడియోలో భళ్ళున వెలుగుతున్నారు! వెనక్కి లెక్క కడితే, నక్షత్రం చీలిన దాదాపు 750 రోజులకి బయల్దేరిందట ఆ పదార్థం. వేగం ఇంచుమించు కాంతి వేగంలో సగం దాకా ఉండొచ్చట. మీ వాళ్ళలో తిన్న వెంటనే కక్కేవాళ్ళు కూడా సాధారణంగా కాంతి వేగంలో పదో వంతుతో కక్కుతారు.

750 రోజులు!

అయ్యా, మా ఇళ్ళల్లో చంటిపిల్లలకి పాలు పట్టించి, పొట్ట నిమిరి, ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అంటారు. వెంటనే భుజాన వేసుకుని వీపు తడతారు, పది నిమిషాల్లో త్రేన్పు వస్తుంది. అందరూ నిశ్చింతగా పడుకుంటారు. అగస్త్యుల వారైనా వాతాపిని అరిగించుకున్నది అక్కడికక్కడే, అన్నగారు ఇల్వలుడు బయట నిలబడి పిలుస్తుండగానే. రాహువు సంగతి చూడండి, ఆయనకి ఎంత చెడ్డపేరుందో మీకు తెలుసు. అయినా మింగిన చంద్రుణ్ణి కొన్ని గంటల్లో గీత కూడా పడకుండా అప్పగిస్తాడు. తినడానికో పద్ధతుంది, త్రేన్చడానికో టైముంది. పెళ్ళయ్యాక పందిరి విప్పి, వంటపాత్రలు లారీకెక్కించి, చుట్టాలు ఎవరి ఊళ్ళు వాళ్ళు చేరి, కొత్త దంపతులకి బిడ్డ పుట్టి అన్నప్రాశన కూడా అయ్యాక, మూల కూర్చున్న పెద్దమనిషి ‘బ్రేవ్’మంటే ఎలా ఉంటుందండీ? ఆ టెలిస్కోపులు దొరకడం కూడా ఎంత కష్టం! అర్జీ పెట్టుకోవాలి, కమిటీ ఒప్పుకోవాలి, తమరి కోసం టైము కేటాయించారు, తమరు ఉలకలేదు పలకలేదు. అందరూ అటు తిరగ్గానే మొదలెట్టారు.

తమరి తరఫు ప్లీడరు ఏమంటాడో నాకు తెలుసు. ‘మా క్లయింటు లోపలి నుంచి ఏదీ రాలేదు, ఆ పదార్థం ఎన్నడూ గడప దాటి లోపలికి వెళ్ళనే లేదు, బయటే తిరిగి బయటి నుంచే పోయింది, కాబట్టి మాస్టారి సూత్రం చెక్కుచెదరలేదు.’ నిజమే. సూత్రం చెక్కుచెదరలేదు, చెదిరింది మాస్టారు. అంటే మీరు మింగలేదన్నమాట, బుగ్గన పెట్టుకున్నారు! రెండేళ్ళు! మా మనవడు పప్పన్నం బుగ్గన పెట్టుకుని గంట కూర్చుంటేనే మా కోడలు అపర కాళిక అవుతుంది.

మీరు తినే తీరు గురించి కూడా ఓ మాట. చీలిన నక్షత్రంలో సగమే మీ చుట్టూ తిరుగుతుంది, మిగతా సగం శూన్యంలోకి విసిరిపోతుంది. ఈ సగం లెక్క మార్టిన్ రీస్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1988లోనే కట్టి పెట్టాడు. సగం విస్తట్లో వదిలేసేవాళ్ళని మా నాన్న పంక్తిలోంచి లేపేసేవారు.

నువ్వొక్కడివే ఇలా అయితే నీ ఖర్మ అని ఊరుకుందును. ఆ సెండెస్ ఆవిడే ఇంకా లోతుకి వెళ్ళి, ఇలాంటి 23 భోజనాలని ఏళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, మొదట్లో నోరు మెదపని 9 చోట్ల కొత్తగా రేడియో వెలుగు కనబడింది. అంటే ఇది మీ ఇంటి అలవాటు! అందరికందరూ తిని, నోరు తుడుచుకుని, బుద్ధిమంతుల్లా కూర్చుని, మేం లేచి వెళ్ళాక మొదలెడతారు. నీదింకా ఆగిందా అంటే అదీ లేదు. దాదాపు ఆరేళ్ళ దాకా చూశారు, పెరుగుతూనే ఉంది. ఎందుకంత ఆలస్యమో ఇదీ కారణం అని తేల్చి చెప్పినవాడు ఇంతవరకూ లేడు. ఏం తిన్నావురా నాయనా, నక్షత్రాన్నా, బెల్లం పాకం పట్టిన ఇనప గుగ్గిళ్ళనా? చెప్పి చావచ్చు కదా! రిటైరైనవాణ్ణి, పాత సిలబస్ వాణ్ణి, గుప్పిట మూసి బతికినవాణ్ణి, పిల్లల ముందు నన్నెందుకు పెట్టావిందులో?

...క్షమించాలి. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

నిజం చెప్పాలంటే మీ కష్టాలు మీకున్నాయి. ఒక్కో గెలాక్సీలో ఇలాంటి భోజనం దొరికేది పదివేల ఏళ్ళకో లక్ష ఏళ్ళకో ఒకసారి. మా అమ్మ ఏకాదశికి ఒక్కపూట మానేస్తే సాయంత్రానికి ఎవరూ ఎదుటపడేవాళ్ళం కాదు. మీ పెద్దలున్నారు, 10 కోట్ల సూర్యుళ్ళ బరువు దాటినవాళ్ళు. వాళ్ళు సూర్యుడి లాంటి నక్షత్రాన్ని మెతుకు రాలకుండా గుటుక్కుమనిపిస్తారు, మా దాకా మెరుపు కూడా రాదు. మీరు ఒలకబోసుకుని తినబట్టే కదా, మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లకి మీ ఊసు తెలిసింది. ఈ తిండి సంగతి మా దగ్గరికొచ్చేసరికి 66 కోట్ల ఏళ్ళు పట్టింది. అది బయల్దేరినప్పుడు ఇక్కడ నేల మీద గడ్డిపరక కూడా లేదు. దాని ముందు నా ఆదివారం ఎంతలెండి.

ఇవాళ పొద్దున ఆ పిల్ల లిఫ్టులో కనబడింది. “గుడ్ మార్నింగ్ మాస్టారూ” అంది. అంతే. త్రేన్పు మాట ఎత్తలేదు. ఎత్తితే బావుండేది, నాలుగో అంతస్తు నుంచి కిందకి వచ్చేలోపు ఒప్పేసుకునేవాణ్ణి. ఇప్పుడు వచ్చే ఆదివారం దాకా మోయాలి.

ఆ రోజు సెల్లార్‌లో పధ్నాలుగు మందినీ కూర్చోబెట్టి, గుప్పిట తెరిచి చూపించబోతున్నాను. ఆలోపు తమరు ఇంకేమైనా కొత్తది తలపెట్టి ఉంటే, దయచేసి శనివారం రాత్రికల్లా తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
నిన్నటిదాకా తమ విధేయుడు

తా.క.: మా ఆవిడ జంతికల గొట్టం అడుగుతోంది. బిళ్ళ కన్నాల్లో నక్షత్రం ఎండి బిగుసుకుపోయింది, సూదితో పొడిచినా రావడం లేదు. సగం పిండి సెల్లార్ గోడకి ఉంది. ఈ రెండు సంగతులూ ఆమెకింకా చెప్పలేదు.