చేపల్ని చంపుతున్నది ఎండు మేత కాదు

అక్వేరియం పెట్టుకున్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఎండు పురుగులు చేప కడుపులో పదింతలు ఉబ్బి చంపేస్తాయి. ఫ్రోజెన్ మేతతో చేపకు చలి పట్టుకుంటుంది. బతికున్న పురుగులే సహజం, అవే వెయ్యండి" అని. పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకున్న చేప ఫొటో కూడా తగిలించారు. ఇది నమ్మి కొత్తవాళ్లు మంచి మేత పారేసి మురుగు పురుగులు కొనుక్కొస్తుంటే ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఉబ్బడం సంగతి. షాపుల్లో అమ్మే ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) క్యూబ్ ఫ్రీజ్ డ్రై చేసినది. పురుగుల్ని గడ్డకట్టించి, గాలి లాగేసిన గదిలో పెడితే లోపలి మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. అందుకే పురుగు పెద్దగా ముడుచుకుపోదు. నీళ్లు తగిలితే మంచు పోయిన చోట మిగిలిన ఖాళీలే నిండుతాయి. ఒక క్యూబ్‌ని గాజు గ్లాసులో వేసి పావుగంట చూడండి. తేలుతుంది, సన్నటి బుడగలు వదులుతుంది, అంచులు మెత్తబడి పోగులు పోగులుగా విడిపోతుంది. పదింతలు కాదు. నిజానికి ఈ క్యూబ్ కంటే ఎక్కువ ఉబ్బే పెల్లెట్లు (గుళికల మేత) ఉన్నాయి.

ఫొటోలోది డ్రాప్సీ. చాలాసార్లు బ్యాక్టీరియా సోకి, కిడ్నీలు దెబ్బతిని, ఒంట్లో నీరు చేరితే అలా అవుతుంది. నా ఫైటర్ చేపకు అదే వచ్చినప్పుడు నేనూ మేతనే అనుమానించాను. అడుగున రాళ్లు కదిపితే నల్లటి బురద, కుళ్లు వాసన. పూటపూటా మిగిలిన మేతంతా అక్కడే ఉంది. అది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, చేప నీరసించి జబ్బులకు లొంగిపోతుంది. నాది బతకలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చలి మాటకొస్తే, 40 లీటర్ల ట్యాంకులో 3 గ్రాముల ఫ్రోజెన్ మేత గడ్డ కరిగితే నీటి వేడి డిగ్రీలో నూరో వంతు కూడా తగ్గదు. అయినా చిన్న గిన్నెలో కరిగించి, టీ వడకట్టుతో వడపోసి వెయ్యండి, ఆ రసం ట్యాంకు నీళ్లను పాడుచేస్తుంది కాబట్టి. అసలు ప్రమాదం కరెంటు కోతతో. కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్యాకెట్ పారేయాల్సిందే.

ఇక "సహజం". ట్యూబిఫెక్స్ మురుగు కలిసిన బురదలో బాగా పెరుగుతాయి. వాటితోపాటు రోగాలూ ట్యాంకులోకి వస్తాయి. ఫ్రీజింగ్‌తో బ్యాక్టీరియా అంతా చావదు గానీ చాలా పరాన్నజీవులు చస్తాయి. బతికున్న మేతంతా చెడ్డదని కాదు, ఇంట్లో పొదిగించిన ఆర్టీమియాను (ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవులు) మించిన మేత పిల్ల చేపలకు దొరకడం కష్టం.

ఎండు పురుగులు ఒక్కటే రోజూ వేస్తే మాత్రం చాలదు. రోజువారీకి మంచి పెల్లెట్లు, వారానికి రెండుసార్లు ఇవి. గోల్డ్ ఫిష్‌కి జీర్ణాశయం లేదు, తేలే మేత కోసం పైకొచ్చి గాలి కూడా మింగుతుంది, కాబట్టి దానికి నానబెట్టే వెయ్యండి. మూత తీసిన డబ్బాలో విటమిన్ సి క్రమంగా పోతుంది. తీసిన తేదీ డబ్బా మీదే పెన్నుతో రాసుకోండి.