పన్నెండేళ్లు నీళ్లలో నానిన పడవ

రెండో ప్రపంచ యుద్ధకాలపు సబ్‌మెరైన్లను సముద్రం అడుగు నుంచి తీసి పశ్చిమ జర్మనీ నేవీ మళ్లీ వాడుకోవడాన్ని నేను చదివిన ఒక వ్యాసంలో తెలివైన బేరంలా రాశారు. సగం ఒప్పుకుంటాను. 1945లో సొంత సిబ్బందే ముంచేసిన యూ-2540 అనే సబ్‌మెరైన్‌ను 1957లో పైకి తీశారు, బాగుచేసి 1960 నుంచి ప్రయోగాలకు వాడారు. ఇప్పుడది బ్రెమర్‌హాఫెన్‌లో మ్యూజియం. పన్నెండేళ్లు నీళ్లలో నానిన ఇనుముకు ఎంత ఆయుష్షో!

మరి యూ-హాయ్ అనే సబ్‌మెరైన్ సంగతి? అదీ 1956లో అలా పైకి తెచ్చిందే. 1966 సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో తుపాను వేళ మునిగిపోయింది. 20 మంది సిబ్బందిలో బతికింది ఒక్కరే. కొత్త నేవీకి శిక్షణ పడవలు కావాలి కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ చనిపోయిన ఆ 19 మంది గురించి ఆ వ్యాసంలో ఒక్క వాక్యమైనా రాయకపోవడం ఏం బాగోలేదండీ.