సవరణ: కార్పొరేషన్ అప్పు ఎవరి లెక్కలోకి వస్తుంది?

తెలంగాణలోని పాలమూరు ఎత్తిపోతల పథకం ఖర్చుపై గత పోస్టులో, 'కార్పొరేషన్ (ప్రభుత్వ సంస్థ) పేరున తెచ్చిన అప్పు రాష్ట్ర రుణ పరిమితిలోకి, అంటే రాష్ట్రం ఏడాదికి ఇంతే అప్పు తేవచ్చన్న హద్దులోకి రాదు' అని రాశాం. అది తప్పు. 2022 నుంచి ఆ లెక్క మారింది.

రాష్ట్రం కేంద్రానికి బాకీ ఉన్నంత కాలం, రాజ్యాంగం 293(3) అధికరణ ప్రకారం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి కావాలి. అసలో వడ్డీయో బడ్జెట్ నుంచి కట్టే అప్పు ఎవరి పేరున తెచ్చినా, ఇప్పుడు కేంద్రం దాన్ని రాష్ట్రం అప్పుగానే చూస్తుంది, పరిమితిలోంచి కోస్తుంది.

రాష్ట్రం గ్యారంటీ ఇచ్చినంత మాత్రాన అది రాష్ట్రం అప్పు అయిపోదు, ఈ తేడా ముఖ్యం. చూడాల్సింది కిస్తీ ఏ సొమ్ముతో కడుతున్నారన్నది. సింగరేణి బొగ్గు అమ్ముకుంటుంది, తన బాకీ తను తీర్చగలదు. పాలమూరు పథకంలోని నార్లాపూర్ పంపులు శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోస్తాయి గానీ, ఆ నీటికి రైతు నుంచి అప్పు తీరేంత రాబడి రాదు. పైగా పంపు తిరిగిన ప్రతి గంటకూ కరెంటు బిల్లు. కిస్తీ, బిల్లు రెండూ ఖజానా మీదే పడతాయి. అప్పు తెచ్చే ముందే ఈ రెండు అంకెలూ శాసనసభ ముందు పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం. అందులో మార్పు లేదు.

ఇంకో చిన్న దిద్దుబాటు: గత పోస్టులో 'ఖర్చు చేశారు' అని మేం రాసిన మొత్తం బడ్జెట్ అంచనా మాత్రమే. 2025-26 బడ్జెట్ పుస్తకంలో నిజంగా ఖర్చయిన లెక్క 2023-24 గడిలోనే ఉంటుంది.