ఇనప్పెట్టెలోని చిట్టా పుస్తకం గారికి

మహారాజశ్రీ చిట్టా పుస్తకం గారి సముఖమునకు, చీరాల నుంచి తమ యజమాని రెండో కొడుకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. తమరు ఇనప్పెట్టెలో కలరా ఉండల మధ్య క్షేమమని తలుస్తాను. చెదలు గోడౌన్లో జాకెట్ గుడ్డ తాన్లు తిన్నాయి గానీ మీ జోలికి రాలేదు. వాటికీ మా నాన్నగారంటే భయమే కాబోలు.

అన్నయ్యా నేనూ కొట్టు భాగాలు పంచుకుందామని మిమ్మల్ని బయటికి తీశాం. సరుకు పంచడం తేలికే, తాను విప్పి కొలిస్తే సరిపోతుంది. పాత బాకీలు కూడా చెరి సగం అన్నారు పెద్దమనుషులు. అక్కడే వచ్చింది తంటా. మీలో మనుషులున్నారు గానీ వాళ్ళకు పేర్లు లేవు. 'ఎర్ర మేడ వాళ్ళబ్బాయి, 2 పంచెలు.' 'వేటపాలెం కంపౌండరు గారి మరదలు, లంగా ఓణీ, సంక్రాంతికి ఇస్తానన్నది.' ఏ సంక్రాంతికో రాయలేదు. ఎర్ర మేడ కొట్టేసి అపార్టుమెంటు కట్టారండీ, దానికి తెల్ల సున్నం వేశారు. ఇప్పుడు పంచెల బాకీ ఏ ఫ్లాటు బెల్లు కొట్టి అడగమంటారు?

2017 జూలై 1 నుంచి నా బతుకు చూడండి. బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, గుడ్డ గుడ్డకో కోడు ఉండాలి. పాలిస్టరు చీర గుడ్డ అంటే 5407. మీ కాలంలో పాలిస్టరు అంటే 'కంపౌండరు గారి మరదలు కట్టేది'. గుర్తు పట్టడానికి అదే నయమని ఒప్పుకుంటాను, కానీ కంప్యూటరు ఒప్పుకోదు.

వకీలు గారికీ చూపించాం. ఆయన అట్ట మీద పసుపు బొట్టు చూసి ముందు దణ్ణం పెట్టారు, తర్వాత నవ్వారు. అరువు బాకీకి మూడేళ్ళే గడువట, 1963 లిమిటేషన్ చట్టం. ఆ లోపు బాకీదారు ఒప్పుకుని సంతకం పెట్టుంటే మళ్ళీ మూడేళ్ళు వచ్చేవి. కంపౌండరు గారి మరదలు చేత సంతకం పెట్టించుకునేంత ధైర్యం మా నాన్నగారికి ఎక్కడిది? పైగా రోజూ రాసిన లెక్కే అయినా, పుస్తకం ఒక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపడానికి లేదని 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్ చెప్పిందట. 2024లో కొత్త చట్టం వచ్చినా అదే మాట. ఇన్నేళ్ళు మా ఇంట్లో మీ మాటే వేదవాక్కు. కోర్టులో మాత్రం మీకు తోడు సాక్షి కావాలట.

సరే, డబ్బు పోతే పోనీండి. నా అసలు ఫిర్యాదు 'సొంత వాడకం' అనే పద్దు గురించి. ఇంట్లో జరిగినదంతా తమరు దాని కిందకే తోశారు. తాతయ్య దినం, సొంత వాడకం. బాబాయి హాస్టలు ఫీజు, సొంత వాడకం. నాయనమ్మ కళ్ళజోడు, అక్క పెళ్ళి, అన్నీ అందులోనే. నేను పుట్టిన రోజు పేజీ కూడా దొరికింది. పైన 'సూరత్ బేళ్ళు, లారీ కిరాయి, హమాలీ'. కింద 'ఆసుపత్రి, సొంత వాడకం, 340'. దాని కింద 'కొట్టుకు చీపుర్లు 2'. లారీ కిరాయికి రసీదు ఉంది, ఊచకు గుచ్చిన చిల్లుతో సహా. చీపుర్లకు చీటీ ఉంది. నాకు మాత్రం ఏ కాగితమూ జతపరచలేదు. ఆడపిల్లా మగపిల్లాడా అని కూడా రాయలేదు. మూడో రోజున 'బాలింతకు బ్రెడ్డు' అని ఉంది, అంతవరకు నా ఉనికి అనుమానమే. అన్నయ్య ఇది చూసి తెగ సంబరపడ్డాడు. తర్వాత తన పేజీ వెతుక్కున్నాడు. ఆ నెల ఆఖరున కూడిక తప్పు పడిందట. నాన్నగారు ఎర్ర సిరాతో దిద్ది, తేడా పన్నెండు రూపాయలూ వాడి పేజీలోనే సర్దేశారు.

ఇంత గుట్టుగా ఉండే తమరు ఒక్కచోట మాత్రం నోరు జారారు. ఏటా దీపావళి ముందు వారం, అదే చేతిరాతతో, 'తె.వా.కు 1 వెంకటగిరి చీర.' ధర లేదు, జమ లేదు, బాకీల జాబితాలోకీ ఎక్కలేదు. సొంత వాడకంలోనూ పెట్టలేదు. నేనైతే గమ్మున పేజీ తిప్పేద్దును. కానీ అప్పుడు పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నది మా అమ్మ.

"తె.వా. అంటే?" అంది.

"తెలిసిన వాళ్ళు అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య, వాడికి నోరు ఆగదు.

"నాకు తెలియని తెలిసిన వాళ్ళెవర్రా?"

నాన్నగారికి ఎనభై దాటింది, వినికిడి తక్కువ. ఈ ప్రశ్న మాత్రం వరండాలోంచే వినిపించింది. "ఆ ఏడు జమా ఖర్చూ సరిపోయిందా లేదా? సరిపోయింది కదా. మళ్ళీ తవ్వడం దేనికి?" అన్నారు.

అమ్మ చిక్కుళ్ళు పక్కన పెట్టి మిమ్మల్ని ఒళ్ళోకి తీసుకుంది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు 1983 శ్రావణ మాసంలో ఉంది. భాగాల సంగతి ఆ తర్వాతేనట.

ఇట్లు,
సొంత వాడకం, 340