సైలెన్సరు అటక మీద ఉంది

తప్పు నాదే. సెల్లారులో కొత్త బండి తుడుచుకుంటున్న మూడో అంతస్తు కుర్రాణ్ణి, "బాబూ, ఎంతిస్తుంది?" అని అడిగాను. ఏ బండి కనబడినా మనవాళ్లం మొదట అడిగేది అదే కదా. కుర్రాడి మొహం మాడిపోయింది. పెళ్లిలో పట్టుచీర కట్టుకున్నావిణ్ణి "ఉతికితే రంగు పోతుందా?" అని అడిగితే ఎలా ఉంటుందో అలా.

"మైలేజీ కోసం కొనే బండి కాదంకుల్ ఇది" అంటూ బండి వంశ ప్రవర అందుకున్నాడు.

ముత్తాత 1950ల్లో ఇంగ్లండులో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మెటియర్ 700. తండ్రి 2002 నాటి థండర్‌బర్డ్. 2020లో తండ్రిగారు వానప్రస్థానికి వెళ్తే, ఆ నవంబరులోనే ముత్తాత పేరుతో మెటియర్ 350కి పట్టాభిషేకం. ఫైర్‌బాల్, స్టెల్లార్, సూపర్‌నోవా అని మూడు రకాలు, త్రయార్షేయ ప్రవరాన్విత. 349 సీసీ. 20.2 హార్స్‌పవర్. 27 న్యూటన్ మీటర్ల టార్కు, అదీ నాలుగు వేల ఆర్పీఎం దగ్గరే. 191 కిలోలు, 15 లీటర్ల ట్యాంకు. మెటియర్ అంటే ఉల్క. రాలిపోయేదాని పేరు బండికి పెట్టి, దాని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మనకే చెల్లింది.

నిండుగా 350 కాకుండా ఈ 349 ఏమిటన్నాను. పాపం, అక్కడ ఆగిపోయాడు. 350 దాటితే పన్ను ఎక్కువ బాబూ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీతకి ఇవతల 18 శాతం జీఎస్టీ, అవతల 40. ప్రవరలో ఈ ఋషి పేరు ఎవరూ చెప్పరు.

ఈ బండి క్రూయిజరు. క్రూయిజరంటే కాళ్లు ముందుకు చాపుకుని, కొస కనబడని అమెరికా రోడ్ల మీద సాగిపోవడానికి పుట్టిన ఆకారం. మావాడు అదే భంగిమలో పొద్దున్న తొమ్మిదిన్నరకి జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీకి బయల్దేరతాడు. ముందు ఆటో, వెనక ఆర్టీసీ బస్సు, పక్కన నీళ్లు కారే ట్యాంకరు. మధ్యలో శేషతల్పం మీద విష్ణుమూర్తిలా ఈయన. కుడి పిక్క పక్కన సైలెన్సరు కాగుతూ ఉంటుంది. ఫుడ్ డెలివరీ కుర్రాడు అద్దం విరిగిన పాత బండి మీద రెండు కార్ల సందులోంచి దూరి వెళ్లిపోతాడు. విష్ణుమూర్తి దూరలేడు. 191 కిలోలు ఎక్కడ దూరతాయి? లడఖ్ కోసం కొన్నాడుట. ఇప్పటిదాకా వెళ్లిన లడఖ్ వికారాబాద్ దగ్గర అనంతగిరి. పకోడీలు తిని చీకటి పడకముందే వచ్చేశాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వు రానిది ఇంకొకటుంది. అదురు తగ్గించాలని ఈ ఇంజనులో బాలెన్సర్ షాఫ్టు పెట్టారు. బండి మర్యాదగా గొణుగుతుంది. ఆ మర్యాదే మావాడికి నామోషీ అయింది. ఉన్న సైలెన్సరు పీకించి, లోపల ఏమీ లేని గొట్టం బిగించుకున్నాడు. ఏమీ లేనిదానికి డబ్బులిచ్చి మరీ!

మొన్న రాత్రి పదకొండున్నరకి వచ్చాడు. మొదటి అంతస్తులో బాలింత ఉంది. ఇరవై రోజుల పసిగుడ్డు. గంటసేపు భుజాన వేసుకుని తిప్పి, అమ్మమ్మ అప్పుడే ఉయ్యాల్లో పడుకోబెట్టిందిట. సెల్లారులో ఢాం ఢాం మని గొట్టం పేలింది, పైన పిల్ల గుక్క పట్టింది. ఒరేయ్, ఆ బిడ్డకి నీ టార్కుతో పనేమిట్రా? నువ్వొచ్చావని వీధి వీధంతా లేచి కూచోవడానికి నువ్వేమైనా అంబులెన్సువా? సిగ్గుండాలి! ఇంజను కట్టేసే ముందు ఇంకోసారి రేజ్ చేశాడు చూడండి, అది మటుకు నేను క్షమించను.

చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. పోలీసులు ఇలాంటి గొట్టాల్ని రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించిన వీడియో నేను నాలుగుసార్లు చూశాను. నిమ్మకాయలకన్నా అదే శుభం.

మర్నాడు లిఫ్టులో కనబడితే, పాత సైలెన్సరు ఏం చేశావని అడిగాను. దుప్పటి చుట్టి అటక మీద దాచాడుట.

"అమ్మేటప్పుడు అదే బిగించాలంకుల్. సౌండ్ ఎక్కువుంటే రేటు తగ్గించి అడుగుతారు."