సవరణ: సెయింట్ బోనిఫేస్ లిబరల్ కంచుకోటేనా?

కెనడా ఎన్నికల మీద నిన్నటి పోస్టులో, విన్నిపెగ్ నగరంలోని సెయింట్ బోనిఫేస్ పార్లమెంటు స్థానాన్ని 'లిబరల్స్ ఏనాడూ ఓడని సీటు' అని రాశాను. ఆ మాట తీసేశాను. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్నారు కాబట్టి ఓట్లన్నీ లిబరల్స్‌కే అనుకుంటే లెక్క తప్పుతుంది. 1958లో కన్జర్వేటివ్ పార్టీ నేత డీఫెన్‌బేకర్ గాలికి, 1984లో అదే పార్టీ నేత మల్రోనీ గాలికి ఈ సీటు కన్జర్వేటివ్‌లకు పోయింది.

సరే, అవి దేశమంతా వీచిన గాలులు. 2008 మాత్రం వేరు. కన్జర్వేటివ్ ప్రధాని హార్పర్‌కు మెజారిటీ రాని ఆ ఎన్నికలో కూడా, పోలీసు ఉద్యోగం చేసిన మేటీ (Métis, ఆదివాసీ–యూరోపియన్ మూలాలు కలిసిన జాతి) మహిళ షెల్లీ గ్లోవర్ సిట్టింగ్ లిబరల్ ఎంపీ రేమండ్ సిమార్డ్‌ను ఓడించారు. 2011లోనూ ఆవిడే. 2013లో అధికార భాషల (ఇంగ్లీషు, ఫ్రెంచ్) శాఖ కూడా ఆవిడ చేతికే వచ్చింది! 2015లో మాజీ బాక్సర్ డాన్ వాండాల్ సీటును మళ్లీ లిబరల్స్‌కు తెచ్చారు. అప్పటికి నియోజకవర్గం పేరు సెయింట్ బోనిఫేస్–సెయింట్ వైటల్.